‘వేట లేని తెప్ప’నా, ‘వేటలోని తెప్ప’నా?

(విశాఖ చుట్టుపక్కల పద్యాలు రాసుకునే మా గుంపులో మాటలు ఇవి. పేర్ల బదులు ఎవరి ఊరు, ఎవరి పేట వాళ్ళకి పెట్టాం.)

మద్దిలపాలెం:
ఒక పద్యపాదం పది రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. రెండేళ్ళ కిందట కార్తీక పున్నమికి మనవాళ్ళం పదిమందిమి ఆర్కే బీచ్‌లో కూర్చుని ఎవరి పద్యాలు వాళ్ళు చదువుకున్నాం, గుర్తుందా? మన గుంపు కాని ఆయన ఒకరు, భుజాన గుడ్డసంచి, పక్కనుంచి వింటూ వింటూ వచ్చి తనదీ ఒక ఆటవెలది చదివారు. పేరు అడిగేలోపు బస్సుకి టైమైందని వెళ్ళిపోయారు. నాకు మిగిలింది మొదటి రెండు పాదాలే.

ఇసుక మీద వెన్నె లింత రాలిన రాత్రి
వేట లేని తెప్ప వేచి యుండె

‘లేని’ అనే విన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న ఫోన్‌లో ఆ రెండు పాదాల రికార్డింగ్ దొరికింది. సరిగ్గా ఆ అక్షరం మీదే కెరటం విరిగింది. ఇప్పుడు వింటే ‘వేటలోని’ అన్నట్టుంది. ఒక్క అక్షరంతో తెప్ప ఒడ్డు మీంచి నడిసముద్రంలోకి పోయింది. ఎవరికైనా గుర్తుందా? ఆ పద్యానికి జవాబు పద్యం రాస్తున్నాను, అందుకే ఇంత ఆరాటం.

భీమిలి మేష్టారు:
నేనూ ఉన్నానమ్మా ఆ రోజు. ‘లేని’యే. సందేహం లేదు. ‘వేచి యుండె’ అన్నాక దేనికోసమో వేచి ఉండాలి కదా. వేట లేదు కనక వేట కోసం వేచి ఉంది. ‘వేటలోని తెప్ప’ వేచి ఉండడమేమిటి, దాని పనిలో అది ఉంటే! గణాల వైపు నుంచి, అంటే గురులఘువుల లెక్క నుంచి మాత్రం సాయం దొరకదు. లే అయినా లో అయినా గురువే, పాదం నిండా ఐదు సూర్యగణాలు చక్కగా కూర్చున్నాయి, యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, వే-వే. ‘విశ్వదాభిరామ వినురవేమ’ ఎంత సుఖంగా నడుస్తుందో ఇదీ అంతే. నోట్లో ఇలా కుదురుకున్న పాదంలో ఒక అక్షరం మారినా చెవి పట్టుకోదు. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చువేయించే ముందు ఎన్ని ప్రతులు పక్కపక్కన పెట్టుకుని చూశాడో తలుచుకోండి.

సీతమ్మధార:
మేష్టారూ, మీరు యతి చెప్పి ఊరుకున్నారు గానీ అసలు ‘వేట’ అంటే ఏమిటో ముందు తేలాలి. పాత అచ్చుల్లో ‘వేఁట’ అని అరసున్నతో ఉంటుంది, కన్నడంలో బేటెతో పాటు బేంటె కూడా ఉంది. అది మృగాల వేట. మన పక్క వేట అంటే అమ్మవారికిచ్చే మేక కూడా. వేటమాంసం అంటాం. ఆయన రాసింది ఏ వేట?

జాలరిపేట:
అమ్మా, మా పేటలో వేట అంటే చేపల వేటే. ఇంకేటుంటుంది! ‘నాన్నేడీ’ అంటే ‘వేటకెళ్ళాడు’ అంటాం. అరసున్నలూ మేకలూ పక్కన పెట్టేయండి, తెప్ప అన్నాక వేట ఇదే.

సీతమ్మధార:
తమ్ముడూ, నీ మాట కాదనను. కానీ తెప్ప అన్నాక సముద్రమే ఎందుకు కావాలి? సింహాచలంలో అప్పన్నకి తెప్పోత్సవం ఉంది, వరాహ పుష్కరిణిలో. కనుమ నాడు మకరవేట ఉంది, గజేంద్రుణ్ణి పట్టిన మొసలిని స్వామి వేటాడే ఉత్సవం. తెప్పా వేటా రెండూ ఒకే స్వామికి, నెల తిరక్కుండా జరుగుతాయి. ‘వేట లేని తెప్ప’ అంటే మకరవేట అయిపోయాక తెప్పోత్సవం కోసం పుష్కరిణిలో ఎదురుచూస్తున్న స్వామి తెప్ప అని నాకు మొదటినుంచీ అనిపిస్తోంది. భక్తి పద్యం అది.

భీమిలి మేష్టారు:
మీ ఊహ అందంగా ఉందమ్మా. ఎంత అందంగా ఉందంటే, కాదనడానికి బాధగా ఉంది. తెప్పోత్సవం పుష్య బహుళ అమావాస్యకి. మొదటి పాదంలో వెన్నెల రాలింది.

సీతమ్మధార:
‘ఇంత’ రాలింది అన్నాడు కదా మేష్టారూ. ఇంతే, కొంచెమే. అమావాస్యకి నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున వచ్చే సన్నటి వెన్నెల కావచ్చు. తెప్ప వేచి ఉందనే అన్నాడు, ఉత్సవం జరుగుతోందని అనలేదు. ఇక ఇసుకంటారా, పుష్కరిణి గట్టున ఇసుక ఉండకూడదా?

మద్దిలపాలెం:
ఆ ‘ఇంత’ గురించి నేనూ ఆలోచించాను. ఇంత అంటే ఇదిగో ఇంతని చెయ్యి చాపి చూపించడం కూడా కదా. ఆయన చదువుతూ నిజంగానే చెయ్యి చాపారు. ఆ రాత్రి పున్నమి.

గాజువాక:
ఆలస్యంగా వచ్చాను, బి షిఫ్ట్. నేను ‘లోని’ వైపు. ‘లేని’ అంటే జాలి పుట్టించే మామూలు పద్యం. ‘వేటలోని తెప్ప వేచి యుండె’ అంటే వల వేశాక ఉండే ఆ నిశ్శబ్దం. పని అంటేనే ఎదురుచూడడం. శ్రామికుడి పద్యం అవుతుంది అప్పుడు. శ్రీశ్రీ పుట్టిన ఊరి కడుపున పుట్టిన పద్యం ఇలాగే ఉండాలి.

భీమిలి మేష్టారు:
బాబూ, శ్రీశ్రీని తెచ్చి ఆటవెలదిలో కూర్చోబెడితే ఆయనే ఒప్పుకోడు.

గాజువాక:
ఎందుకు ఒప్పుకోడండి? ఛందస్సు వదిలేశాడని అందరూ ఒక మాట అనేస్తారు. ప్రతి పద్యం చివరా ‘సిరిసిరిమువ్వా’ అనే మకుటంతో కందాలు కందాలుగా రాసినవాడు ఆయనే కదా. కందంలో ఆ మకుటానికి చివరి రెండు గణాలూ పోతాయి, ఆరో గణం జగణమో (లఘువు-గురువు-లఘువు) నలమో (నాలుగు లఘువులు) అయి తీరాలి. ఇక మిగిలిన జాగాలో అంత అల్లరి, అంత కోపం, అంత మాటల ఆట ఎలా పట్టించాడో! విడిచిపెట్టాలంటే ముందు చేతిలో ఉండాలి, ఆయన చేతిలో ఉంది. నేను పద్యం నేర్చుకున్నది ఆ కందాలు పక్కన పెట్టుకుని లఘువులూ గురువులూ గీసుకుంటూనే. మా నాన్న క్వార్టర్ గోడ మీద సుద్దతో గీసి చూపించేవాడు.

భీమిలి మేష్టారు:
ఆ మాట మీద మాత్రం నీకు దణ్ణం పెడతాను బాబూ. అయితే కందం అన్నాక తిక్కన పేరు ముందు చెప్పాలి. కవిచౌడప్ప అంతటివాడు కూడా, మునుపు కందానికి సోమయాజి, అంటే తిక్కనే, ఘనుడనేవారు, ఇప్పుడు నన్నంటున్నారు అని వరుస చెప్పుకున్నాడు. వరుసలో మొదట ఎవరున్నారో చూడు.

గాజువాక:
చౌడప్ప ‘ఇప్పుడు’ తర్వాత ఇంకొక ‘ఇప్పుడు’ వచ్చిందండి, 1910లో, విశాఖలో.

మద్దిలపాలెం:
అయ్యా, నా లేని-లోని!

జాలరిపేట:
అక్కా, నేను చెప్తాను వినండి. ‘వేటలోని’ అని మావాళ్ళెవరూ అనరు. వేటకెళ్ళిన తెప్ప అంటారు. ‘లోని’ అంటే పుస్తకం మాట. ‘వేట లేదు’ మాత్రం రోజూ వినే మాటే. గాలి పడితే వేట లేదు, వాయుగుండమంటే వేట లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం, అప్పుడు పేటంతా ఒకటే మాట, వేట లేదు. ఆ మాట విన్నప్పుడల్లా మా అమ్మ బియ్యం డబ్బా వైపు చూసేది. అందుకని ‘లేని’ అన్నప్పుడే నాకు ఆ పాదం తగిలింది.

అనకాపల్లి:
నిషేధం మరపడవలకీ ఇంజను పడవలకీ కదా. ఇంజను లేని తెప్పకి లేదు. కాబట్టి ఆ 61 రోజుల్లో కూడా తెప్పకి వేట ఉంటుంది.

జాలరిపేట:
నిజమే. కానీ ఇప్పుడు ఫైబర్ దానికి ఇంజను బిగించినా తెప్ప అనే అంటున్నాం. దుంగలు కట్టిన పాత తెప్ప మా పేటలో ఎన్నాళ్ళకో ఒకటి కనబడుతుంది. ఇంకోటి. వెన్నెల ఎక్కువున్న రాత్రి వలకి చేప సరిగ్గా పడదని మా పెదనాన్న అంటాడు, నీళ్ళలో వల కనిపిస్తుందట. పున్నమి రాత్రి తెప్ప ఒడ్డునే ఉందంటే దానికి నిషేధాలేం అక్కర్లేదు.

భీమిలి మేష్టారు:
చూశారా! మొదటి పాదంలో వెన్నెల ఊరికే రాలలేదు. కారణం అక్కడే ఉంది. తేలిపోయినట్టే.

పెందుర్తి:
తేలలేదండి. నాకు ఆ పద్యంలో నాలుగో పాదం గుర్తుంది. మధ్యలో మూడోది పోయింది.

అలకు తాడు కట్టి నట్టు లూగె

ఇది ఆయన రెండుసార్లు చదివారు. ఒడ్డున ఇసుకలో పడుకున్న తెప్ప ఎలా ఊగుతుంది? నీళ్ళమీద ఉంటేనే ఊగుతుంది. కాబట్టి లోని.

మద్దిలపాలెం:
అబ్బ! అవును, ‘తాడు కట్టి’! ఇప్పుడు నాకూ వినిపిస్తోంది. ఆ పాదం చెప్పినందుకు మీకు ఎంత రుణపడ్డానో. ఎంత బాగుందండి, అలని గూటానికి కట్టడం కాదు, అలకే తాడు కట్టి దాన్ని పట్టుకుని ఊగడం.

భీమిలి మేష్టారు:
యతి కూడా చూడండి. అ-కీ న-కీ పొత్తేమిటని ఎవరైనా అడుగుతారేమో, కట్టిన + అట్టులు, ఆ న-లో అట్టులు తాలూకు అకారం దాగి ఉంది. స్వరయతి. గుడ్డసంచి ఆయన చెయ్యి తిరిగినవాడే. కానీ ఊగింది తెప్పేనని ఎవరు చెప్పారు? మూడో పాదం పోయింది కదా. అందులో చంద్రుడున్నాడేమో, ఊగింది చంద్రుడేమో.

పెందుర్తి:
మేష్టారూ, మీరు లేని చంద్రుణ్ణి తెచ్చి ‘లేని’ని నిలబెడుతున్నారు!

భీమిలి మేష్టారు:
వెన్నెల ఉన్నాక చంద్రుడు లేడనడం మీకే కష్టం.

సీతమ్మధార:
పుష్కరిణిలో తెప్ప కూడా ఊగుతుంది, తాడుతోనే కట్టి ఉంచుతారు. నేను వదలను.

గాజువాక:
‘యుండె’లో ఆ య ఎవరికీ అడ్డుపడలేదా? వాడుకభాష కోసం పోరాడిన గిడుగు వారి ఉత్తరాంధ్రలో కూర్చుని ఇంకా ఇలా య చేర్చే యడాగమాలా? ‘వేచి ఉండె’ అన్నా గణం చెడదు.

భీమిలి మేష్టారు:
గణం చెడదు, పాదం నడక చెడుతుంది. ‘వేచి’ తర్వాత ఊపిరి తెగుతుంది. ఆ య ఉండబట్టే పాదం అలలా జారింది. గిడుగు వారంటే నాకూ ప్రాణమే, కానీ పద్యంలో చెవి మాటే వింటాను.

అనకాపల్లి:
ఇంతకీ అక్క రాసిన జవాబు పద్యం ఏదీ?

మద్దిలపాలెం:
పూర్తి కాలేదండి. ‘లేని’ అనుకుని రాసిన పాదం ఒక్కటే కుదిరింది.

రేపు పొమ్ము తెప్ప, రేపు గలదు

జాలరిపేట వాళ్ళింట్లో వేట లేదన్న రోజున తెప్పతో ఆ అమ్మ ఆ మాట అంటుందనుకుని రాశాను. తమ్ముడు బియ్యం డబ్బా మాట చెప్పకముందే రాశాను, ఇప్పుడది చదువుతుంటే గొంతు పట్టేసింది. ‘లోని’ అయితే మాత్రం ఇది నిలవదు. సముద్రంలో ఉన్న తెప్పని రేపు పొమ్మనడమేమిటి?

పెందుర్తి:
మీదీ ఒక్క అక్షరమే కదమ్మా. పొమ్ము తీసి రమ్ము పెట్టండి. ‘రేపు రమ్ము తెప్ప, రేపు గలదు.’ గణం అదే, యతి అదే.

మద్దిలపాలెం:
రమ్ము అంటే ఈ రాత్రి రాకపోయినా ఫర్వాలేదని ఇంటావిడ అన్నట్టవుతుంది. ఏ ఇంటావిడా అలా అనదండి. అక్షరం మారుతుంది కానీ మనిషి మారిపోతుంది.

జాలరిపేట:
అనదు అక్కా. తెల్లారేసరికి ఒడ్డున నిలబడి ఉంటుంది.

గాజువాక:
పోయిన మూడో పాదం మనమే పూరిద్దాం. దానితో లేనో లోనో తేలవచ్చు. నాది:

గాలి లేదు తెడ్డు కాలు చాపుకొనియె

భీమిలి మేష్టారు:
గా-కా, కవర్గ యతి. బాగుంది. తెడ్డు కాలు చాపుకోవడం మరీ బాగుంది బాబూ. కానీ చూసుకున్నావా, తెడ్డు కాళ్ళు చాపుకుందంటే వేట లేనట్టే. నీ పాదం నా పక్షాన వచ్చింది.

గాజువాక:
లేదు మేష్టారూ, వల వేశాక కూడా తెడ్డుకి పని ఉండదు.

పెందుర్తి:
నాదీ ఒకటి చూడండి.

రేవు దీప మొకటి రెప్ప వాల్చక చూడ

సీతమ్మధార:
బాగుంది, రే-రె మైత్రి కుదిరింది. కానీ రెప్ప వాల్చకపోవడమేమిటండి? యారాడ కొండ మీది లైట్‌హౌస్ మా మేడ మీంచి రోజూ చూస్తాను. వెలుగుతుంది, ఆరుతుంది. రెప్ప వాల్చడమే దాని పని.

పెందుర్తి:
రేవు దీపం అన్నానమ్మా, లైట్‌హౌస్ అనలేదు. ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద రాత్రంతా వెలిగే దీపం.

జాలరిపేట:
జెట్టీ దగ్గర దుంగల తెప్ప కట్టరండి. ఇసుక మీదికి లాగేస్తారు, లేదంటే కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు. ‘తాడు కట్టినట్టు’ అన్నది ఆ కట్ల గురించేమోనని ఇప్పుడు తోస్తోంది. ఆదివారం పెదనాన్న వస్తాడు, నాలుగు పాదాలూ చదివి వినిపిస్తాను. మూడోది ఎవరిది చదవమంటారు?