క్లచ్ ప్లేటు మారిస్తే చాలా, గేర్‌బాక్స్ కూడా విప్పించాలా?

అన్నలందరికీ నమస్తే. మాది అచ్చంపేట దగ్గర పల్లె. నాన్నను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ తీసుకుపోవాలి. అందుకే కారు గురించి టెన్షన్‌గా ఉంది. 2014 మోడల్ డీజిల్ బండి, మాన్యువల్ గేర్లు, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది.

పోయిన వారం మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు ఎత్తులో మూడో గేరులో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ అరిచింది తప్ప బండి స్పీడు అందుకోలేదు. కాలిన వాసన కూడా వచ్చింది. క్లచ్ ప్లేటు అరిగి జారుతోందని ఇంతవరకు నాకు అర్థమైంది.

నా అసలు భయం ఇంకోటి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి క్లచ్ మీద కాలు తీస్తే గర్రుమని శబ్దం వస్తోంది, తొక్కగానే ఆగిపోతోంది. క్లచ్ తొక్కినప్పుడు పనిచేసే రిలీజ్ బేరింగ్ పోతే తొక్కినప్పుడు కదా శబ్దం రావాలి? అంటే గేర్‌బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్లకు తిప్పుడు అందించే కడ్డీ) బేరింగ్ పోయిందా? పొద్దున్నే రెండో గేరు కూడా గరగరమంటూ పడుతోంది.

మా ఊరి మెకానిక్ క్లచ్ సెట్ చాలంటాడు. జడ్చర్లలో ఒకాయన గేర్‌బాక్స్ మొత్తం విప్పాలంటాడు. క్లచ్‌కైనా బాక్స్ దించాల్సిందే కాబట్టి బేరింగ్ కూడా అప్పుడే మార్పిస్తే రెండోసారి కూలి తప్పుతుంది కదా? ముందుగా గేరాయిల్ తీయించి ఇనుప రజను ఉందో లేదో చూస్తే సంగతి తెలుస్తుందా? ఇలాంటి శబ్దంతో ఇంకో పది రోజులు నడపొచ్చా? పని చేయించుకున్నవాళ్లు ఎంత ఖర్చయిందో కూడా చెప్పండి, దయచేసి.