భుజం మార్చాక ఆరు వారాలు చెయ్యి కట్టి ఉంచాల్సిందేనా?

సఖినేటిపల్లి కోడలు:
మా అత్తగారికి 69 ఏళ్లు. కాలువ రేవు మెట్ల మీద జారిపడితే కుడి భుజం ఎముక ముక్కలైంది. అతకదని చెప్పి రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్ చేశారు. నేటికి 24 రోజులు. ఆరు వారాలు స్లింగ్ తీయొద్దని డాక్టరుగారు చెప్పారు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా "చెయ్యి కర్రలా బిగుసుకుపోద్ది, నూనె రాసి లాగండి" అంటున్నారు. ఆవిడ టెన్షన్ పడిపోయి రాత్రిళ్లు స్లింగ్ తీసేస్తున్నారు. ఫిజియోథెరపీకి పంటు దాటి నరసాపురం వెళ్లాలి, రోజూ అయ్యే పని కాదు. ఏం చేయమంటారు?

రావులపాలెం రైతు:
నన్నడిగితే తీసెయ్యమంటానండి. నాకు మోకాలు మార్చిన మర్నాడే లేపి నడిపించారు. మా పెదనాన్నగారి భుజానికి నెలన్నర కట్టే ఉంచారు. రెండేళ్లయినా దువ్వెన ఆయన తలదాకా వెళ్లట్లేదు.

పాలకొల్లు ఫిజియో:
రైతుగారూ, మీ పెదనాన్నగారి బాధ నిజమే, కానీ మోకాలి లెక్క భుజానికి కుదరదండి. భుజం గిన్నె లోతు తక్కువ, కండరాలే దాన్ని పట్టి ఉంచుతాయి. రివర్స్‌లో బంతిని రెక్క ఎముకకి, గిన్నెను చేతి ఎముకకి బిగిస్తారు. ఫ్రాన్సు సర్జన్ పాల్ గ్రామోన్ 1985లో తెచ్చిన పద్ధతి ఇది. లోపలి చిన్న కండరాలు పనిచేయకపోయినా భుజం పైనున్న పెద్ద కండరం డెల్టాయిడ్ చెయ్యి ఎత్తుతుంది.

అమ్మా, మీ అత్తగారిది విరిగిన ఎముక. అలాంటప్పుడు కండరాలు అంటుకుని ఉన్న ఎముక ముక్కల్ని మామూలుగా తిరిగి కుడతారు. అవి అతుక్కోకముందే ఎవరో నూనె రాసి లాగితే ఊడొస్తాయి. తర్వాత చెయ్యి బయటికి తిప్పే బలం రాదు. బిగుసుకున్న భుజాన్ని నెలల తరబడి కష్టపడి కొంతైనా వదిలించగలను. ఊడిన ముక్కను నేను అతికించలేను.

ఇంకో ప్రమాదం కీలు జారడం. చెయ్యి ఒంటికి ఆనుకుని, లోపలికి తిరిగి, వెనక్కి వెళ్తే అది జరుగుతుంది. మంచం మీంచి ఆ చెయ్యి వెనక్కి ఊని లేవడం, నడుం వెనక చీర దోపుకోవడం, ఇలాంటివే. ఆవిడ స్లింగ్ తీసి పడుకుంటే నాకు భయం అందుకే.

కట్టి ఉంచడమంటే కదలకుండా ఉంచడం కాదు. వేళ్లు, మణికట్టు రోజుకు నాలుగైదుసార్లు ఆడించాలి. మోచెయ్యి కూడా, డాక్టరుగారిని అడిగి.

అమలాపురం మాస్టారు:
నాదీ రివర్సే. కానీ నాకు విరగలేదు, కీలు అరిగింది. మూడు వారాలకే స్లింగ్ తీయించారు, బాగానే ఉన్నాను. తొందరగా కదిలించాలా, ఆగాలా అన్నదాంట్లో సర్జన్లలోనే ఒక మాట లేదు. ఆపరేషన్ ఎందుకు చేశారన్నది చూడకుండా ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకూడదు. నాతో సహా.

భీమవరం అక్క:
మా అమ్మకు చేసినప్పుడు నేనే చూసుకున్నాను. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి జారి నొప్పెట్టేది. మోచేతి కింద దుప్పటి మడతపెట్టి, వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టాక నిద్ర పట్టింది. జాకెట్టు ముందు నొప్పి చేతికి తొడగాలి, తీసేటప్పుడు ఆ చేతిది ఆఖర్న. మన ఉక్కకి చంక చిత్తడైపోద్ది. ఆవిణ్ణి కొంచెం ముందుకు వంచితే చెయ్యి దానంతటదే వేలాడుతుంది, అప్పుడు తుడిచి ఆరబెట్టేదాన్ని.

రావులపాలెం రైతు:
ముక్కలు కుట్టిన సంగతి నాకు తెలీదండి. నూనె మాట ఒప్పుకుంటాను. కానీ ఆరు వారాల తర్వాత ఫిజియో లేకపోతే మా పెదనాన్నలాగే అవుతుంది. ఆయన రెండుసార్లు వెళ్లి మానేశారు.

పాలకొల్లు ఫిజియో:
ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. బలం పెంచే వ్యాయామాలు మామూలుగా పది పన్నెండు వారాలకి మొదలవుతాయి, ఏడాదిదాకా మెరుగు కనిపిస్తూ ఉంటుంది. రోజూ పంటు దాటక్కర్లేదు. వారానికోసారి వచ్చి నేర్చుకుని మిగతా రోజులు మీరు ఇంట్లో చేయిస్తే చాలామందికి సరిపోతుంది.

సఖినేటిపల్లి కోడలు:
డాక్టరుగారికి ఫోన్ చేశాను. ముక్కలు కుట్టారట, ఎక్స్‌రే చూసేదాకా స్లింగ్ ఉండాల్సిందేనన్నారు. మోచెయ్యి ఆడించొచ్చన్నారు. స్పీకర్‌లో పెట్టి ఆవిడకే వినిపించాను. రాత్రి దుప్పటి మడత పెట్టాను, రెండింటికి లేచి చూస్తే స్లింగ్ చేతికే ఉంది.