1639 ఆగస్టు 22 ఏ వారం? ఫోన్ ఒకటి చెప్తోంది, వెబ్‌సైట్ ఇంకొకటి

పెరంబూరు వాసి:
మద్రాస్ డేకి మా అపార్ట్‌మెంట్ పిల్లలతో చార్టు చేయిస్తున్నాం. దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి ఇక్కడి స్థలం ఇచ్చిన రోజుగా 1639 ఆగస్టు 22ని చెప్పుకుంటాం కదా, అది ఏ వారమో కూడా రాద్దామని చూస్తే ఫోన్ క్యాలెండర్ సోమవారం అంటోంది, ఒక వెబ్‌సైట్లో గురువారం అని ఉంది. ఎక్సెల్ అయితే 1900కి ముందు తేదీని తేదీగానే తీసుకోదు. పిల్లలు చూసే చార్టు, తప్పు పోకూడదు. ఏది రాయమంటారు?

మారతహళ్ళి కోడర్:
గురువారం రాయండి. ఇంగ్లీషు వాళ్ళు 1752 దాకా పాత జూలియన్ క్యాలెండరే వాడారు, ఆ శతాబ్దంలో దానికీ ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌కీ 10 రోజులు తేడా. అంటే కంపెనీ కాగితాల్లో ఆగస్టు 22 అయిన రోజు, పక్కనే శాంథోమ్‌లో ఉన్న పోర్చుగీసు వాళ్ళకి సెప్టెంబరు 1, ఎందుకంటే వాళ్ళు 1582లోనే మారిపోయారు. తేదీ వేరైనా ఇద్దరికీ గురువారమే. క్యాలెండర్ మార్చినప్పుడు తేదీలు ఎగరగొట్టారు గానీ వారాల వరస జోలికి ఎవరూ పోలేదు. లినక్స్ ఉంటే టెర్మినల్లో ‘క్యాల్ 9 1752’ కమాండ్ కొట్టి ఇంగ్లీషు వాళ్ళు మారిన ఆ సెప్టెంబరు నెల చూడండి, 2 బుధవారం, దాని పక్కనే 14 గురువారం కనిపిస్తాయి.

మీ ఫోన్ చేసేది ఏంటంటే, గ్రెగోరియన్ లెక్కనే వెనక్కి సాగదీస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో తేదీలు లెక్కకట్టే డేట్‌టైమ్ కూడా అంతే. తళ్ళికోట యుద్ధం 1565 జనవరి 23, మంగళవారం. అదే తేదీ పైథాన్‌కి ఇస్తే శనివారం వస్తుంది, అప్పటికి గ్రెగోరియన్ పుట్టనే లేదు! నేనైతే ముందు తేదీ ఏ క్యాలెండర్‌దో తేల్చుకుని జూలియన్ డే నంబర్‌లోకి, అంటే రోజులన్నిటినీ ఒకే వరసలో లెక్కపెట్టే అంకెలోకి మారుస్తాను, దాన్ని 7తో భాగిస్తే శేషం 0 అయితే సోమవారం, 3 అయితే గురువారం. మీ తేదీకి 2319936 వస్తుంది, శేషం 3.

పెరంబూరు వాసి:
చాలా థ్యాంక్స్ అండీ. మరి శాసనాల్లో శాలివాహన శకం, తిథి ఉంటే?

మల్లేశ్వరం నుంచి:
అక్కడ వారమే మనకి సాక్షి. శకానికి 78 కలిపితే మామూలుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కానీ కొన్ని శాసనాల్లో గడిచిన ఏడు, కొన్నిట్లో నడుస్తున్న ఏడు వేస్తారు, అక్కడే ఒక ఏడాది అటూఇటూ అవుతుంది. సంవత్సరం పేరు కూడా చెక్కి ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. ఆ తర్వాత అధిక మాసం చూసుకోవాలి. 1947 ఆగస్టు 15నే తీసుకోండి: శకం 1869, సర్వజిత్తు, అధిక శ్రావణ బహుళ చతుర్దశి, శుక్రవారం. ఇందులో ‘అధిక’ అన్న మాట వదిలేస్తే నిజ శ్రావణం పట్టుకుని సెప్టెంబరులోకి పోతారు, శుక్రవారం కుదరదు, ఎక్కడో తేడా కొట్టిందని అప్పుడు తెలుస్తుంది. చేత్తో లెక్కలు వేయడం కంటే స్వామికన్ను పిళ్ళై గారి తిథి-తేదీ పట్టికలు చూడండి, క్రీ.శ. 700 నుంచి 1799 దాకా ఉన్నాయి, మీ మద్రాసులోనే 1922లో అచ్చయ్యాయి. అంత శ్రద్ధగా చేసిన పని ఈ విషయంలో నాకు ఇంకోటి కనిపించలేదు.

ఇంకో మాట, మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, ముస్లింల హిజ్రీ క్యాలెండర్లో సూర్యాస్తమయంతో. స్వాతంత్ర్యం వచ్చిన ఆ అర్ధరాత్రికి పంచాంగం ప్రకారం ఇంకా గురువారమే. రాత్రి జరిగినవాటికి వారం ఒకరోజు తేడాగా కనిపిస్తే ఆ శాసనాన్ని వెంటనే తప్పని కొట్టేయకండి.

మారతహళ్ళి కోడర్:
కంపెనీ ఉత్తరాలు చూసేవాళ్ళకి ఒకటి చెప్పాలి, 1752కి ముందు వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు. ఫిబ్రవరి 1639 అని ఉంటే మన లెక్కలో అది 1640. ముందు ఏడాది సరిచేసుకుని తర్వాత వారం కట్టండి.