సమస్య: "శ్రోత లేని సభయె శోభ గూర్చె"

మా బృందంలో వారానికొకరు ఒక పద్యపాదాన్ని సమస్యగా ఇస్తారు, మిగతా పాదాలు రాసి పద్యం నింపడమే పూరణ. ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం:

శ్రోత లేని సభయె శోభ గూర్చె

ఐదూ సూర్యగణాలే, అంటే మూడు లఘువులు (పొట్టి అక్షరాలు) గానీ, ఒక గురువు (పొడుగు అక్షరం), ఒక లఘువు గానీ ఉన్న గణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొంతన, "శ్రో", "శో"లకు కుదిరింది. ఈ పాదం ఎలా పుట్టిందో కూడా చెప్తాను. మొన్న ఒక సాహిత్య ఉత్సవానికి నన్ను కవిగా పిలిచారు. నా కవితాపఠనం, పెద్ద హాల్లో ఒక సినీ ప్రముఖుడి ముఖాముఖి ఒకే సమయానికి పడ్డాయి. నాకిచ్చిన గదిలో వరసగా కుర్చీలు వేశారు, ఒక్కటీ నిండలేదు. పరిచయం చెయ్యాల్సినాయన కూడా అటే వెళ్ళారు. బల్ల మీద నా పుస్తకాల కట్ట, కట్టిన దారం కూడా విప్పకుండా ఉంది. మైకు మాత్రం ఆన్‌లోనే ఉంది. లేచి వెళ్ళిపోవడానికి మనసు ఒప్పక చదవడం మొదలుపెట్టాను. మిగతాది నా పూరణలో చెప్తాను, ముందు మీవి రానివ్వండి.

అక్కయ్య పూరణ:

పాట పాడువారు పద్యమల్లెడువారు
కథలు చెప్పువారు కలిసి రచట
నూరకుండి వినెడి యొక్కరున్ లేరయా
శ్రోత లేని సభయె శోభ గూర్చె

మాస్టారు: బాగుందమ్మా. వచ్చినవాళ్ళంతా చదివేవాళ్ళే కాబట్టి ఉత్త శ్రోతలు లేరన్నావు. సమస్యలోని విరోధం హాయిగా విడిపోయింది. మూడో పాదంలో "నూ"లోని "ఊ"కు "యొ"లోని "ఒ"తో స్వరయతి (అచ్చుకు అచ్చుతో పొంతన) కూడా సరిగ్గా పడింది. "లేరయా" మాత్రం గణం నింపడానికి వచ్చినట్టుంది, వీలైతే ఇంకో మాట వెతుకు.

తమ్ముడి పూరణ:

కవిత నడుమ లేచి కదలిపోవక యుండి
చెవుల నప్పగించి చేరి వినిరి
చేతి సెల్లులోనె చిత్తమ్ము నిలిపెడు
శ్రోత లేని సభయె శోభ గూర్చె

తమ్ముడు: నాకో సందేహం మాస్టారూ. మూడో పాదం చివరి "డు" తర్వాత "శ్రో" వచ్చింది కదా, సంయుక్తాక్షరం ముందుదని అది గురువైపోతుందా? అయితే గణం చెడినట్టే.

మాస్టారు: కాదు నాయనా. "నిలిపెడు" తెలుగు విశేషణం, "శ్రోత" దాని తర్వాత వచ్చిన వేరే మాట. ఒకే సంస్కృత సమాసంలో ఉంటే గురువయ్యేది. ఇక్కడ "డు" లఘువే, "నిలిపెడు" నలమే, అంటే నాలుగు లఘువుల గణమే. మూడో పాదాన్ని సమస్యలోకి నడిపించి "శ్రోత"కు విశేషణం తగిలించావు చూశావా, అవధానంలో పృచ్ఛకుడు (ప్రశ్న వేసేవాడు) మెచ్చుకునే పద్ధతి అది.

ఇప్పుడు నా పూరణ:

పుస్తకాల నడుమ నొక్కడే కూర్చుండి
యొంటిగానె చదువుకొంటి కవిత
నాకు నేనె వింటి నా గుండె చప్పుడు
శ్రోత లేని సభయె శోభ గూర్చె

తమ్ముడు: అన్నయ్యా, మొదటి రెండు పాదాల్లోనూ యతి తప్పిందేమో చూడండి. "పు"కు "నొ", "యొ"కు "కొ".

మాస్టారు: మొదటిది తప్పే. రెండోది ఒప్పు. "యొంటి", "కొంటి" చూడు, అది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. ఆటవెలదిలో చెల్లుతుంది. మొదటి పాదంలో "ఒక్కడే" అని, వెంటనే "ఒంటిగానె" అన్నారు, పునరుక్తి. "పూటంత" అంటే యతీ కుదురుతుంది, పునరుక్తీ పోతుంది.

అక్కయ్య: నా అభ్యంతరం మూడో పాదం మీద. "నేనె వింటి" అన్నాక శ్రోత ఉన్నట్టే కదా! పైగా గుండె చప్పుడు అందరూ రాసేదే. ఆ గదిలో నిజంగా నీకేం వినబడిందో చెప్పు.

నిజంగా వినబడింది ఇది అక్కా. ఖాళీ గది కాబట్టి నా గొంతు స్పీకర్లోంచి వెళ్ళి గోడకు తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మూడో కవితలో "నిశ్శబ్దం" అన్న మాట మూడుసార్లు వినబడింది. ఆ కవిత రెండేళ్ళ కిందట అచ్చయింది, ఎన్నో సభల్లో చదివాను. చదివినప్పుడల్లా జనం ముఖాలు చూస్తూ, ఎక్కడ చప్పట్లు కొడతారా అన్న టెన్షన్‌తోనే ఉండేవాణ్ణి. ఆ మాట అన్నిసార్లు వస్తోందని ఏనాడూ గమనించలేదు. అక్కడే ఆగి, పెన్సిల్ తీసి రెండు చోట్ల కొట్టేసి, మొదటినుంచి మళ్ళీ చదివాను. ఈసారి నాకే నచ్చింది. ఉత్సవం మొత్తంలో నాకు మిగిలింది ఆ గంటే.

అక్కయ్య: మరి పద్యంలో అది పెట్టక గుండె చప్పుడెందుకు?

సవరించిన పూరణ:

పుస్తకాల నడుమ పూటంత కూర్చుండి
యొంటిగానె చదువుకొంటి కవిత
కవితలోని తప్పు కనిపెట్టె నా చెవి
శ్రోత లేని సభయె శోభ గూర్చె

మాస్టారు: ఇప్పుడు "శోభ" అన్న మాటకు కారణం దొరికింది. తప్పు పట్టింది కవి చెవే గనక అక్కయ్య అడిగిన ప్రశ్నకూ సమాధానం వచ్చింది. రెండో పాదం చివర "కవిత", మూడో పాదం మొదట మళ్ళీ "కవిత". విడిచిన మాటనే మళ్ళీ అందుకునే ముక్తపదగ్రస్తంలా నాకు బాగానే వినబడుతోంది, ఉంచండి. వచ్చే వారం వంతు తమ్ముడిది. ఈసారి కందపద్యపాదం ఇవ్వు నాయనా.