అప్‌డేట్: మీరు చెప్పిన రెండు నవలలూ చదివేసింది

తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి మంచి ఇంగ్లిషు నవలలు చెప్పమని పోయిన నెల అడిగాను. ఎక్కువమంది సూచించిన ‘ది బుక్ థీఫ్’, ‘ది ఔట్‌సైడర్స్’ కొన్నాను.

మార్కస్ జూసాక్ రాసిన ‘ది బుక్ థీఫ్’లో కథ చెప్పేది మృత్యువని తెలిసి మొదట జంకాను. తమ్ముణ్ణి పూడ్చిన చోట కథానాయిక లీసెల్ మంచులో పడి ఉన్న పుస్తకం తీసుకునే ఘట్టం దగ్గర మా పిల్ల బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి, వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. ఇకపై ఈ పుస్తకాన్ని ఆ వయసు పిల్లలకు ధైర్యంగా ఇస్తాను.

రెండోది ఒక్క ఆదివారంలో ముగించింది. రచయిత్రి హింటన్ దాన్ని 15 ఏళ్లకే మొదలుపెట్టారని, 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు 18 ఏళ్లేనని చెప్పగానే కొత్త నోటుబుక్కు కావాలంది. కొనిచ్చాను. మీ అందరికీ కృతజ్ఞతలు.