ఖాళీ స్టేడియాల్లో ఫుట్‌బాల్: సంతోషపడాలా, దిగులుపడాలా?

పెన్నా_వింగర్ (నెల్లూరు), 19 జూన్ 2020

కరోనాతో ఆటలాగిన మార్చి నుంచి పాత మ్యాచ్‌లే తిప్పి తిప్పి చూసినోళ్లకి మే 16న జర్మనీ లీగ్ బుందెస్‌లిగా మళ్లీ మొదలవడం పండగే. సాయంత్రం ఏడింటికి డార్ట్‌మండ్, షాల్కే డెర్బీ. 4-0. ఇంకేం కావాలి? కానీ ఆట అయిపోయినాక డార్ట్‌మండ్ వాళ్లు అలవాటుగా సౌత్ స్టాండ్ ముందుకెళ్లి అభివాదం చేశారు. దాదాపు 25 వేల మంది నిలబడే స్టాండ్‌లో ఒక్క పురుగు లేదు. ఇప్పుడు స్పెయిన్ లాలీగా, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కూడా వచ్చేశాయి. ఆట ఉండాది, కానీ ఏందో ప్రాక్టీసు చూస్తున్నట్టే ఉండాది.

తెలిసినోళ్లు మూడు సంగతులు చెప్పండి. టీవీలో జనం గోల యాడ నుంచి వస్తాంది, అది పెట్టుకుని చూడటం మేలా, లేకుండానా? జనం లేకపోతే ఆట నిజంగానే మారుతుందా, లేక మారేది మన మనసేనా? ఇంకోటి మన ఊరి సంగతి: ఇక్కడి కుర్రోళ్లు జనాన్ని రానీకుండా ఒక మ్యాచ్ పెట్టి ఫోన్‌లో లైవ్ ఇద్దామంటున్నారు. ఏమేం చూసుకోవాల?

సౌండ్‌బాక్స్_కావలి, 19 జూన్ 2020

అది ప్రసారంలో కలిపే శబ్దం అన్నా, ఆడేవాళ్ల కోసం కాదు. ఫిఫా వీడియో గేమ్ కోసం ఈఏ స్పోర్ట్స్ ఏళ్ల తరబడి పోగేసుకున్న స్టేడియం శబ్దాలనే లాలీగాకీ, బ్రిటన్‌లో స్కై స్పోర్ట్స్‌కీ ఇచ్చింది. స్కై వాళ్లు గోలతో ఒక ఛానల్, గోల లేకుండా ఒక ఛానల్ ఇస్తున్నారు, చూసేవాళ్ల ఇష్టం.

తయారీ పొరలు పొరలుగా ఉంటాది. అడుగున ఎప్పుడూ ఆగని హోరు. బంతి పెనాల్టీ బాక్సు దగ్గరికొచ్చే కొద్దీ పైకి లేపే పొర ఇంకోటి. ఆ పైన విడి ముక్కలు: పోస్టు పక్కగా పోతే నిట్టూర్పు, ఫౌలుకి ఈలలు, గోలుకి కేక. ఒక మనిషి ఆట చూస్తా మీటలు నొక్కుతుంటాడు. తంటా అంతా అక్కడే. నిజమైన జనం షాట్ కొట్టకముందే లేచి నిలబడతారు. ఈయన కొట్టినాక నొక్కుతాడు. ఆ అర సెకను తేడాని చెవి పట్టేస్తాది. వీఏఆర్‌లో (వీడియో చూసి తేల్చే రెఫరీ) గోలు రద్దయితే ఇంకా ఘోరం, కేక అప్పటికే పెట్టేసుంటాడు. లాలీగా వాళ్లు బొమ్మలో కూడా జనాన్ని అతికిస్తున్నారు. అది దూరం నుంచి చూపించే కెమెరాలోనే. దగ్గరి షాట్ వచ్చిందంటే మళ్లీ ఖాళీ కుర్చీలే.

నన్నడిగితే ఆట అర్థం చేసుకోవాలనుకునే రోజు గోల లేకుండా చూడండి. గోలీ డిఫెన్స్ లైన్‌ని ముందుకు జరపమని అరవడం, వెనక మనిషి వస్తున్నాడని తోటివాడు హెచ్చరించడం, పాసు గట్టిగా కొట్టాడా మెత్తగా కొట్టాడా అన్న తేడా కూడా వినపడతాది. రాత్రి 12:45 మ్యాచ్‌కి నిద్ర ఆపుకోవాలంటే మాత్రం గోల ఉంటేనే నయం.

టీవీ సెట్టింగుల్లో స్పోర్ట్స్ లేదా స్టేడియం సౌండ్ మోడ్ ఉంటే తీసేయండి. అది ప్రతిధ్వని కలిపి దొంగ గోలని ఇంకా పెంచుతాది. క్లియర్ వాయిస్ లాంటిది పెడితే వ్యాఖ్యానం పైకొస్తాది. ప్రసారం 5.1లో (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకరు) వస్తుంటే వ్యాఖ్యానం సాధారణంగా మధ్య స్పీకరులో ఉంటాది, మిగతావి తగ్గించుకోవచ్చు. మామూలు స్టీరియోలో రెండూ కలిసిపోయి వస్తాయి, విడదీయలేం.

ఒంగోలు_ఆఫ్‌సైడ్, 20 జూన్ 2020

పొరల సంగతి సరే, అసలు ఎవరి కోసం మొదలెట్టారో అది కూడా చెప్పుకోవాలిగా. ప్రీమియర్ లీగ్‌లో 92 మ్యాచ్‌లు మిగిలాయి. ఆడకపోతే టీవీ వాళ్లకి డబ్బు వెనక్కివ్వాలి. నెదర్లాండ్స్ వాళ్లు విజేత లేకుండానే సీజన్ మూసేశారు. ఫ్రాన్స్ వాళ్లు ప్యారిస్ క్లబ్బు పీఎస్‌జీకి టైటిల్ ఇచ్చి ఆపేశారు. వీళ్లు మాత్రం ఆడి తీరాలన్నారు. జర్మనీలో అభిమాన సంఘాలే చాలావరకు వద్దని మొత్తుకున్నాయి. వాళ్లకి ఆట మీద ప్రేమ లేక కాదు.

జర్మన్ క్లబ్బు గ్లాడ్‌బాక్‌లో 19 యూరోలు కడితే మన ఫొటో అట్టబొమ్మగా చేసి కుర్చీలో పెడతారంట. మన లెక్కలో 1,600 రూపాయల పైమాటే. ఆలోచన సరదాగానే ఉంది, డబ్బు కూడా మంచి పనికే పోయిందన్నారు. కానీ స్టాండ్‌లో ఉండాల్సినోడిని అట్టముక్క చేసి, గొంతు వీడియో గేమ్ నుంచి తెచ్చి, మ్యాచ్ యథాతథం అంటే నేను ఒప్పుకోను. లివర్‌పూల్ 30 ఏళ్ల తర్వాత లీగ్ గెలవబోతోంది, ఇంకో 6 పాయింట్లు చాలు. ఆ రోజు వాళ్ల అభిమానులు నిండే కాప్ స్టాండ్ ఖాళీగా ఉండిద్ది. వాళ్లు నాకు ప్రత్యర్థులే, అయినా ఆ శిక్ష ఎవరికీ వద్దు.

చూడటం మానేశానా అంటే లేదులే.

కందుకూరు_లిబెరో, 20 జూన్ 2020

రెండో ప్రశ్నకి లెక్కతో మొదలెడదాం. బుందెస్‌లిగా తిరిగి మొదలైన మొదటి రౌండులో 9 మ్యాచ్‌లు. సొంత గడ్డ మీద గెలిచింది డార్ట్‌మండ్ ఒక్కటే. 3 డ్రా, 5 బయటి జట్లవి. ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. బయర్న్ మ్యూనిక్ యూనియన్ బెర్లిన్ మీద జనం ఉన్నా గెలిచేదే.

కారణం మాత్రం ఊహ కాదు. 2002లో అచ్చయిన పరిశోధన ఒకటుంది. 40 మంది రెఫరీలకి లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్‌లోని 47 ట్యాకిల్స్ వీడియోలో చూపించారు, కొందరికి జనం శబ్దంతో, మిగతావాళ్లకి శబ్దం లేకుండా. శబ్దం విన్నవాళ్లు సొంత జట్టు మీద దాదాపు 15 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. అంటే జనం అరుపు ఆటగాడి కాళ్ల కంటే ముందు రెఫరీ విజిల్ మీద పనిచేసిద్ది. ఇప్పుడా అరుపు లేదు కాబట్టి బయటి జట్లకి ఎల్లో కార్డులు తగ్గాలి. సీజన్ మొత్తం అదే గమనించండి.

కానీ ఖాళీ కుర్చీల మీదే అంతా తోసేయొద్దు. ఒకేసారి నాలుగైదు మారాయి. మే 8న ఆట నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ ఐదుగురు సబ్స్‌కి (ఆట మధ్యలో దించే ఆటగాళ్లు) ఒప్పుకుంది. హాఫ్ టైమ్ కాకుండా మూడుసార్లే ఆట ఆపి దించాలి. బెంచి బలం ఉన్న పెద్ద జట్లకి ఇది వరం. ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో సగం మధ్యలో నిమిషం నీళ్ల విరామం కూడా పెట్టారు. కోచ్‌లు నీళ్ల కంటే ఎత్తుగడలకే దాన్ని వాడుకుంటున్నారు. పైగా రెండు మూడు నెలల ఖాళీ తర్వాతి ఒళ్లు.

17న ప్రీమియర్ లీగ్‌లో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్ చూశారుగా? విల్లా గోలీ నైలాండ్ బంతితో సహా లైను దాటాడు, గోలైందని చెప్పాల్సిన రెఫరీ వాచీ మోగలేదు, గోలూ ఇవ్వలేదు. ఏడు కెమెరాలకీ ఆటగాళ్లు, గోలుపోస్టు అడ్డమొచ్చాయని ఆ కెమెరాలు నడిపే హాక్-ఐ కంపెనీ క్షమాపణ చెప్పింది. జనం ఉండి ఆ గోలు వెనకాల వేలమంది చూసినా నిబంధన ప్రకారం తేడా పడేది కాదు. కాకపోతే అంత నిశ్శబ్దంగా మాత్రం దాటిపోయేది కాదు.

గూడూరు_గోలీ, 21 జూన్ 2020

మూడో ప్రశ్న నాకొదిలేయండి.

ముందు అనుమతి. 2020 మే 17 కేంద్ర ఉత్తర్వుల్లో స్టేడియాలు తెరవచ్చు, ప్రేక్షకులు వద్దు అని ఉంది. అయినా మీ ప్రాంతం కంటైన్‌మెంట్ జోన్‌లో లేదని చూసుకుని పోలీసులకి చెప్పే పెట్టండి. ప్రహరీ లేని గ్రౌండ్ అసలొద్దు, ఇరవయ్యో నిమిషానికి జనం గుమిగూడతారు. ఎక్కడ ఆడుతున్నారో ముందు చెప్పబాకండి, పది నిమిషాల ముందు లింకు మాత్రం పంపండి.

ఆడే బంతి కాక ఇంకో ఆరు బంతులు. రెండు టచ్‌లైన్‌ల (పక్క గీతల) వెంట రెండేసి, ఒక్కో గోలు వెనక ఒకటి, కోన్ల మీద పెట్టండి. బంతి తెచ్చిచ్చే పిల్లలు అక్కర్లేదు, దగ్గరదగ్గరగా చేరడమూ ఉండదు. తుడవడానికి సబ్బునీళ్లు చాలు. బ్లీచింగ్ ద్రావణం వాడితే పైపూత లేచిపోయి కుట్లు వదులవుతాయి. ఎవరి నీళ్ల సీసా వాళ్లదే, పేరు రాసి. ఇన్నాళ్లు ఇంట్లో కూర్చున్న కాళ్లకి 45 నిమిషాల సగం పెడితే తొడ వెనక కండరాలు పట్టేస్తాయి. మొదటి మ్యాచ్‌కి 30 నిమిషాల సగాలు, మధ్యలో నీళ్లు, ఐదుగురు సబ్స్.

కెమెరా సగం గీతకి ఎదురుగా, 10 నుంచి 12 అడుగుల ఎత్తున. రంగులేసే వాళ్ల నిచ్చెనయినా, ట్రాక్టర్ ట్రక్కు మీద బల్లయినా సరే. కింద నిలబడి తీస్తే అవతలి వింగ్ కనపడదు. ఉదయం 6 గంటల మ్యాచ్ అయితే తూర్పు వైపు, సాయంత్రమయితే పడమటి వైపు నిలబడాల. ఎండ ఎప్పుడూ కెమెరా వీపు మీద పడాల. జూమ్ చేయబాకండి, నిదానంగా తిప్పండి. ఫోన్ అడ్డంగా పట్టుకున్నాకే లైవ్ నొక్కాల, మధ్యలో తిప్పితే బొమ్మ పక్కకి పడుకుంటాది.

లైవ్ ఇచ్చే ఫోన్‌లో సిమ్ తీసేయండి. ఫోన్ కాల్ వస్తే ప్రసారం తెగిపోతాది. నెట్ ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ నుంచి తీసుకోండి. తర్వాత పూర్తి మ్యాచ్ (45 నిమిషాల సగాలు, విరామం కలిపి) పెడితే లెక్క ఇది: 3 ఎంబీపీఎస్ చొప్పున 105 నిమిషాలకి దాదాపు 2.3 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే సెకండాఫ్ మొదట్లోనే, 2 జీబీదయితే ఆఖరి పావుగంటలో చేతులెత్తేస్తాది. 480పీలో 1.5 ఎంబీపీఎస్‌కి దించితే 1.2 జీబీతో సరిపోతాది. ఇప్పుడు (2020లో) యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లుండాల, అందుకని ఫేస్‌బుక్ పేజీయే దిక్కు. కవర్ తీసేసి గొడుగు కింద పెట్టండి. ఈ ఎండలో పవర్‌బ్యాంక్‌తో ఛార్జ్ అవుతా లైవ్ ఇచ్చే ఫోన్ వేడెక్కి ఆగిపోతాది. మైకు మీద పలచటి స్పాంజి ముక్క పెట్టకపోతే వడగాలి హోరు తప్ప ఏమీ వినపడదు.

దొంగ గోల మాత్రం కలపబాకండి. అందులో పాట ముక్క ఉంటే ఫేస్‌బుక్ ఆడియో తీసేస్తాది. ఇంకోటి, ఖాళీ గ్రౌండ్‌లో మనోళ్ల బూతులన్నీ శుభ్రంగా లైవ్‌లో పోతాయి. ఇళ్లల్లో అమ్మానాన్న చూస్తుంటారని ఆటకి ముందే చెప్పండి.

పెన్నా_వింగర్ (నెల్లూరు), 21 జూన్ 2020

గోలీ అన్నా, సిమ్ తీసేయమన్న మాట ఒక్కటి చాలు. పొద్దున 6 గంటలకే పెట్టుకుంటాం. సౌండ్‌బాక్స్ అన్నా, స్టేడియం మోడ్ తీసేశా, చానా తేడా ఉండాది.

కందుకూరు_లిబెరో, 24 మే 2021

పాత చర్చని పైకి తెస్తున్నా, లెక్క బాకీ ఉంది. నిన్నటితో ప్రీమియర్ లీగ్ సీజన్ అయిపోయింది. 380 మ్యాచ్‌ల్లో సొంత జట్ల గెలుపులు 144, బయటి జట్లవి 153, డ్రాలు 83. ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో బయటి గెలుపులు ఎక్కువ కావడం ఇదే మొదటిసారి. డిసెంబరులో కొన్ని చోట్ల 2,000 మందిని, ఆఖరి రెండు రౌండ్లకి 10,000 వరకు రానిచ్చారు. మిగతాదంతా ఖాళీయే. ఈ సీజన్‌లో సబ్స్ మళ్లీ ముగ్గురే కాబట్టి ఆ వంక కూడా లేదు.

లివర్‌పూల్ సొంత గడ్డ మీద 68 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి, జనవరి 21న బర్న్‌లీ చేతిలో ఓడి, అదీ కలిపి సొంత గడ్డ మీద వరసగా ఆరు పోగొట్టుకుంది. ఇందులో డిఫెండర్లు వాన్ డైక్, గోమెజ్, మటిప్ గాయాల వాటా పెద్దదే, అంతా ఖాళీ కాప్ ఖాతాలో వేయకండి. విల్లా సంగతి కూడా: కిందటి సీజన్ 35 పాయింట్లతో, ఒకే ఒక్క పాయింటు తేడాతో నిలబడింది. ఆ గోలు ఇచ్చి ఓడి ఉంటే 34, గోల్ తేడాలో బోర్న్‌మత్ కిందికి పోయి కింది లీగ్‌కి దిగిపోయేది.

మన ఐఎస్ఎల్‌ని (ఇండియన్ సూపర్ లీగ్) ఈ లెక్కలోకి తేవద్దు. 2020-21 సీజన్ మొత్తం గోవాలో ఫతోర్డా, బంబోలిమ్, వాస్కో మైదానాల్లోనే ఆడారు. ఐదో స్థానంలో నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేదు. షెడ్యూల్‌లో హోమ్ అని రాసినా అది కాగితం మీదే.