పైలట్ కోసం 14 నెలలు గుండుతో ఉన్నా. ఆగినందుకు డబ్బులు అడగడం తప్పా?

గాలి మిస్త్రీ

అందరికీ నమస్కారం. నేను సీరియల్ ఆర్టిస్టుని. పదకొండేళ్లుగా ఇదే పని. హీరోయిన్ బాబాయి, ఊరి సర్పంచ్, అప్పుడప్పుడు ఇన్‌స్పెక్టర్. ఉండేది కృష్ణానగర్. కంపెనీ పేరు రాయను, దయచేసి అడగొద్దు.

ఆ మధ్య ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్ పైలట్‌కి పిలిచారు. పైలట్ అంటే తెలియనివాళ్లకు: సిరీస్ మొత్తం తీయకుండా ముందు ఒక్క ఎపిసోడ్ తీసి ఛానెల్ వాళ్లకో ఓటీటీ వాళ్లకో చూపిస్తారు. నచ్చితే మిగతావి తీయమంటారు. నచ్చకపోతే ఆ ఎపిసోడ్ హార్డ్ డిస్కులోనే ఉండిపోతుంది.

నా పాత్ర అంతరిక్ష కేంద్రంలో గాలి మిస్త్రీ. వాళ్ల ముత్తాత హైదరాబాద్ నుంచి వెళ్లాడన్నమాట. పైపులు, ఫిల్టర్లు చూసుకుంటూ ఉంటాడు. గాలిలో తేడా వస్తే మీటరు కంటే ముందు వాడి ముక్కుకే తెలుస్తుంది. నాకు ఇలాంటి పాత్ర ఎవరూ ఇవ్వలేదు. రేటు సగానికి తగ్గించమంటే మారు మాట్లాడలేదు. గుండు కొట్టించుకోమన్నారు, కొట్టించుకున్నాను.

ఎనిమిది రోజుల షూటింగ్. ఊరి బయట ఒక పెద్ద షెడ్డు, మూడు పక్కలా గ్రీన్ మ్యాట్, అంటే ఆకుపచ్చ తెర. తర్వాత కంప్యూటర్‌లో ఆ పచ్చరంగు తీసేసి అంతరిక్షం పెడతారు. సీరియల్‌లో మేం రోజుకి దాదాపు ఒక ఎపిసోడ్ లాగించేస్తాం. పక్కన అసిస్టెంట్ డైలాగ్ అందిస్తుంటాడు, మనం అందుకుంటాం. ఇక్కడ రోజంతా కష్టపడితే రెండు నిమిషాల సీను. పైగా లైవ్ సౌండ్ అన్నారు, అంటే ప్రాంప్టింగ్ లేదు. నాలుగు పేజీలు బట్టీ పట్టి వెళ్తే హెల్మెట్‌లో పెట్టిన చిన్న ఫ్యాను గుర్రుమంటోంది. సౌండ్ ఇంజినీర్ తల పట్టుకున్నాడు. చివరికి అంతా డబ్బింగే.

హెల్మెట్‌కి అద్దం ఉండదు. అద్దం పెడితే అందులో లైట్లు, కెమెరా, బిర్యానీ తింటున్న లైట్‌మెన్ అందరూ కనిపిస్తారు. అందుకని తర్వాత కంప్యూటర్‌లో పెడతారు. నాకేమో ముక్కు దురద. లేని అద్దం వెనక ఉన్నట్టు నటించాలి కాబట్టి గోక్కోకూడదు. అదొక నటన. నా ఆక్సిజన్ పైపు పిస్తా రంగు. మానిటర్‌లో చూస్తే పైపు మాయం, అదీ పచ్చే కదా, వెనకున్న మ్యాట్‌తో పాటే చెరిగిపోయింది. ఆ రాత్రికి రాత్రి దానికి నారింజ రంగు వేశారు.

అవతలి గ్రహం ప్రాణి అంటే కర్రకు గుచ్చిన టెన్నిస్ బంతి. దాని వైపు లుక్ ఇవ్వాలి. కర్ర పట్టుకున్న కుర్రాడికి చెయ్యి నొప్పెట్టి కిందికి దించేసరికి నా చూపూ దిగిపోయింది. ఎడిటింగ్‌లో చూస్తే ఒక షాట్‌లో ప్రాణి ఏడడుగులు, ఇంకో షాట్‌లో నాలుగడుగులు. ఒక పూట షూటింగ్ మళ్లీ చేశారు. అయినా చెప్తున్నాను, ఆ ఎనిమిది రోజులూ నా పదకొండేళ్లకు సమానం. డైరెక్టర్ నాతో అన్నది ఒకటే మాట: "అన్నా, ఏం చేయకు. గాలి పీల్చు చాలు." సీరియల్‌లో మూడుసార్లు తల తిప్పి ఉలిక్కిపడేవాణ్ణి, ఊరికే గాలి పీల్చడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. అగ్రిమెంట్‌లో ఒక లైను ఉంది: నిర్ణయం వచ్చేదాకా గెటప్ మార్చకూడదు, పెద్ద సీరియల్ ఒప్పుకోకూడదు. ఎప్పటిదాకా అని లేదు. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని 14 నెలలు. గుండు గీయించుకుంటూనే ఉన్నాను. కనిపించిన ప్రతివాళ్లూ "తిరుపతి వెళ్లొచ్చారా, ప్రసాదమేదీ?" అనేవారు. ఒక సీరియల్‌లో నాన్న పాత్ర, రెండేళ్లు గ్యారంటీగా నడిచేది, వదులుకున్నాను. చివరికి పైలట్ నచ్చలేదని కబురొచ్చింది. షోరీల్‌లో, అంటే నా నటన చూపించుకునే వీడియోలో వాడుకుంటాను, రెండు నిమిషాలు ఇవ్వండి అంటే అదీ కుదరదన్నారు.

ఎనిమిది రోజులకు సగం రేటు ఇచ్చారు, అది నేను ఒప్పుకున్నదే, బాధ లేదు. 14 నెలలు ఆపి పెట్టినందుకు ఏమీ ఇవ్వక్కర్లేదా? ఇది అడిగితే మా వాళ్లే "అత్యాశ" అంటున్నారు.

చిన్న నిర్మాత

బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ అవతలి పక్క కూడా చూడండి. నేను ఒక పైలట్ తీసి చేతులు కాల్చుకున్నవాణ్ణి. పైలట్‌కి పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఒకే దారి, ఎవరో ఒకరు ఓకే అనాలి. సైన్స్ ఫిక్షన్ అయితే ఇంకా ఘోరం. ఇద్దరు వంటింట్లో మాట్లాడుకునే సీనుకి వంటిల్లు చాలు. అదే ఇద్దరూ స్పేస్‌లో మాట్లాడుకోవాలంటే ప్రతి ఫ్రేమూ గ్రాఫిక్స్ వాళ్ల చేతిలోకి పోవాలి. మీకు 14 నెలలు పోయింది, నాకు ఇల్లు తాకట్టులో ఉంది. ఇది కూలి పని కాదు, పొత్తు వ్యవసాయం అనుకోండి. పంట పోతే ఇద్దరికీ పోతుంది.

కృష్ణానగర్ రెండో గల్లీ

సార్, పొత్తు అంటున్నారు. పంట పండితే మిస్త్రీ అన్నకు వాటా ఉందా? సిరీస్ ఓకే అయితే లాభంలో పావలా అన్నా రాశారా కాగితంలో? లేదు కదా. పండితే మీది, ఎండితే ఇద్దరిదీ. దీన్ని మా ఊళ్లో పొత్తు అనరు.

మా మామ షాద్‌నగర్ దగ్గర ప్లాటు అమ్మకానికి పెట్టిండు. ఒకాయన బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుండు, మూడు నెలల గడువు. ఆ మూడు నెలలు మామ ఇంకెవరికీ అమ్మలే. గడువు దాటింది, ఆయన కొనలే, బయానా పోయింది. ఎవరూ మామను అత్యాశపరుడు అనలే. ప్లాటును ఆపినందుకే బయానా ఉంటే, మనిషి తలకాయను ఆపితే ఉండదా?

గాలి మిస్త్రీ

ఇదే. పదిహేను రోజులుగా నాకు నోట రాని మాట ఇదే. పని చేసినందుకు పేమెంట్ వేరు, ఆపినందుకు బయానా వేరు.

రామంతాపూర్ పాతకాపు

బాబూ, నేను దూరదర్శన్ కాలం వాణ్ణి. ఇప్పుడు మీరు ఓటీటీ అంటున్నారు గానీ అప్పుడూ ఇదే తంతు. పైలట్ తీసి మండీ హౌస్‌కి, అంటే ఢిల్లీలో దూరదర్శన్ ఆఫీసుకి పట్టుకెళ్లడం, ఫైలు కదిలేదాకా ఢిల్లీలో పడిగాపులు. ఒప్పుకుంటే సాధారణంగా 13 ఎపిసోడ్లు. ఆ పదమూడు వస్తాయన్న ఆశతో పైలట్‌కి మేం డబ్బులే అడిగేవాళ్లం కాదు. భోజనం, ఆటో ఖర్చులు, అంతే. నాటక సమాజాల నుంచి వచ్చినవాళ్లం, నటించనిస్తే చాలనుకునేవాళ్లం. ఒక పైలట్‌లో నేను శాస్త్రవేత్తని. నా ప్రయోగశాల మొత్తం మా స్కూల్ కెమిస్ట్రీ మాస్టారు ఇచ్చిన గాజు గొట్టాలే. రంగు నీళ్ల కోసం రస్నా కలిపాం.

బయానా అని మొదలుపెడితే కొత్త నిర్మాత ఎవడూ పైలట్ జోలికే పోడు. అప్పుడు నీకు ఆ గాలి మిస్త్రీ పాత్రే వచ్చి ఉండేది కాదు. ఆలోచించు.

కృష్ణానగర్ రెండో గల్లీ

తాతా, అప్పుడు మీకు బ్యాంకు ఉద్యోగమో టీచర్ ఉద్యోగమో ఉండేదా లేదా? నిజం చెప్పండి.

రామంతాపూర్ పాతకాపు

విద్యుత్ బోర్డులో గుమాస్తా. సరే, ఆ తేడా ఉంది. ఒప్పుకుంటున్నాను. నెల జీతం వచ్చేవాడి త్యాగం కాస్త తేలికే.

స్పాక్ చెవులు

పైలట్ అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది స్టార్ ట్రెక్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ సిరీస్. దాని మొదటి పైలట్ 1964 చివర్లో తీశారు. కెప్టెన్‌గా జెఫ్రీ హంటర్. ఎన్‌బీసీ ఛానెల్ వద్దంది, కానీ తలుపు పూర్తిగా మూయకుండా ఇంకో పైలట్ తీయమంది. రెండో పైలట్‌కి హంటర్ రాలేదు. 1965లో కొత్త కెప్టెన్‌తో తీశారు, 1966 సెప్టెంబరులో సిరీస్ మొదలైంది. మొదటి పైలట్ నుంచి రెండోదానికి దాటిన ముఖ్య పాత్ర ఒక్కటే, లెనార్డ్ నిమోయ్ వేసిన స్పాక్.

ఆ తిరస్కరించిన ఫుటేజీని పారేయలేదు కూడా. 1966లోనే రెండు భాగాల ఎపిసోడ్‌లో కలిపి వాడేశారు. మొదటి పైలట్ ఉన్నదున్నట్టుగా టీవీలో వచ్చింది మాత్రం 1988లో. హంటర్ 1969లోనే పోయారు.

నేను చెప్పేది రెండు రకాలుగానూ తీసుకోవచ్చు. నిమోయ్ "ఒకసారి వద్దన్నారు, ఇంక చాలు" అని వెళ్లిపోయి ఉంటే? మిస్త్రీ గారు, మీరు ఆగడం తప్పు కాదు. అమెరికాలో అయితే ఆగడానికి ఒక తేదీ ఉంటుంది. సిరీస్ ఒప్పందం మీద ముందే సంతకం పెట్టించుకుంటారు, కానీ ఫలానా రోజులోగా నెట్‌వర్క్ చెప్పాలి. దాటితే నటుడికి విడుదల. పొడిగించాలంటే మామూలుగా డబ్బు కట్టాలి.

చిన్న నిర్మాత

అక్కడి బడ్జెట్లు వేరు సార్. అక్కడి కాఫీ ఖర్చుతో ఇక్కడ నేను సెట్టు వేస్తాను.

నల్లకోటు

వృత్తిరీత్యా అడ్వకేట్‌ని. కాగితం చూడకుండా సలహా ఇవ్వను, కానీ ఇక్కడ కొన్ని మాటలు గాలిలో తిరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

"వేరే పని ఒప్పుకోకూడదనే షరతు 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు" అని మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అంత తేలిక కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది, నిజమే. కానీ ఒప్పందం నడుస్తున్న కాలంలో వేరే చోట పనిచేయొద్దనే షరతును కోర్టులు మామూలుగా కొట్టేయవు. 1967లో సుప్రీం కోర్టు గోలికరి కేసులో ఈ తేడానే చెప్పింది. మరీ అన్యాయంగా, ఏకపక్షంగా ఉంటే వేరే సంగతి అని కూడా అంది. మీ కేసులో నా దృష్టికి ఆనేది అదే: జీతం లేదు, గడువు లేదు, కట్టడి మాత్రం ఉంది. వాదించడానికి చోటుంది. గెలుస్తారని మాత్రం హామీ ఇవ్వను, సిటీ సివిల్ కోర్టులో వాయిదాలు మీ 14 నెలల్ని మరిపిస్తాయి.

అందుకే సంతకానికి ముందే అడగండి. మూడే మాటలు: ఏ తేదీ వరకు, నెలకు ఎంత, తేదీ దాటితే నేను ఫ్రీ.

రోటో రాత్రులు

వీఎఫ్‌ఎక్స్‌లో, అంటే గ్రాఫిక్స్‌లో పనిచేస్తాను, మాదాపూర్. అందరూ గుండు దగ్గరే ఆగిపోయారు. అన్నా, నీ ముఖం స్కాన్ చేశారా? చుట్టూ కెమెరాలు పెట్టి, కళ్లు మూసి, తెరిచి, నవ్వి, ఏడ్చి అన్నీ తీయించుకుంటారు చూడు, అది.

గాలి మిస్త్రీ

చేశారు. ఒక పూటంతా. హెల్మెట్ షాట్లకు కావాలన్నారు. అదీ రోజు కింద లెక్కేయలేదు, "టెస్టే కదా" అన్నారు.

రోటో రాత్రులు

అది టెస్టు కాదు అన్నా. ఆ ఫైలుతో నువ్వు లేకుండా నిన్ను దూరం షాట్లలో నడిపించొచ్చు. ఇప్పటి టూల్స్‌తో దగ్గర షాట్లలో కూడా. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. అందులో పెద్ద గొడవల్లో ఇదొకటి: నటుడి డిజిటల్ నకలు వాడాలంటే అనుమతి తీసుకోవాలి, డబ్బు ఇవ్వాలి అని. పైలట్ పోయింది, సరే. నీ తలకాయ ఏ సర్వర్‌లో ఉందో అడుగు.

ఇంకో మాట. పిస్తా పైపు సంగతి విని మా టీమంతా నవ్వాం. మా దగ్గరికి ఒకసారి చిలకపచ్చ పట్టుచీరతో షాట్ వచ్చింది. తల, రెండు చేతులు గాలిలో తేలుతున్నాయి. సైన్స్ ఫిక్షన్ కాదు, పెళ్లి సీను.

నల్లకోటు

స్కాన్ గురించి: కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో 38బి వచ్చింది. మీ ప్రదర్శనను వక్రీకరించి మీ పేరుకు నష్టం చేస్తే అడ్డుకోవచ్చు. కానీ సినిమా కోసమని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాతకు చాలా వెసులుబాటు ఉంటుంది. స్కాన్ డేటా గురించి ఒప్పందంలో విడిగా రాయించుకోవడం ఒక్కటే నికరం. "ఈ ప్రాజెక్టుకు మాత్రమే" అనే మూడు ముక్కలు.

చిన్న నిర్మాత

రాత్రంతా ఆలోచించాను. స్కాన్ సంగతి నిజం చెప్పాలంటే నాకే తట్టలేదు, నా పైలట్‌లోనూ ఇద్దరిని చేశాం. ఆ ఫైళ్లు ఎక్కడున్నాయో కనుక్కుంటాను.

బయానా విషయంలో మాత్రం నా మాట మారదు. నెల నెలా ఇవ్వడం మాలాంటివాళ్ల వల్ల కాదు. గడువు మాత్రం రాయొచ్చు. ఆరు నెలలు. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆరు నెలల్లో తేలకపోతే జుట్టు పెంచుకోండి, పని చేసుకోండి, సిరీస్ వస్తే విగ్గో ఏదో చూసుకుందాం.

కృష్ణానగర్ రెండో గల్లీ

ఆరు నెలలు ఫ్రీగా ఆగడం కూడా ఆగడమే సార్. మూడు నెలల వరకు ఫ్రీ, ఆ తర్వాత నెలకు రెండు రోజుల రేటు. బేరం ఇదీ.

చిన్న నిర్మాత

నాలుగు నెలలు, ఆ తర్వాత నెలకు ఒక రోజు.

రామంతాపూర్ పాతకాపు

ఇదేదో మోండా మార్కెట్‌లా తయారైంది. కానివ్వండి.

గాలి మిస్త్రీ

అందరికీ థ్యాంక్స్. ఒక అప్‌డేట్. నిన్న అదే కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. వేరే ఓటీటీకి చూపిస్తారట, ఒక సీనులో ప్యాచ్‌వర్క్, అంటే మిగిలిపోయిన షాట్లు తీసేది ఉందట, రెండు రోజులు రమ్మన్నాడు. "గుండు అలాగే ఉందిగా అన్నా?" అని అడిగాడు.

ఒప్పుకుంటాను అన్నాను. అబద్ధం ఎందుకు, ఆ పాత్ర మళ్లీ వేయాలని నాకు ఉంది. గడువు తేదీ, నాలుగో నెల నుంచి నెలకు రోజు రేటు, స్కాన్ ఈ ప్రాజెక్టుకే అని కాగితం మీద రాయమన్నాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. "పైన అడిగి చెప్తా అన్నా" అని పెట్టేశాడు.

ఇంకా చెప్పలేదు. ఈ ఉదయం సెలూన్ వాడు అలవాటు కొద్దీ రేజర్ తీశాడు, గడ్డం వరకే చెయ్యమన్నాను.